ఒకరి లెక్క మరియొకరి చేతిలో: గోల్ఫ్ ఆటలో స్కోరు కార్డు

ప్రతి ఆటయందును రెండు పనులు ఇమిడి యున్నవి. ఆడుట మొదటిది, ఆడినదానిని లెక్కించుట రెండవది. చాల ఆటలలో ఈ రెండవ పని ఆటగాండ్రది కాదు. క్రికెట్టులో పరుగులు వ్రాయుటకు స్కోరర్లును, తీర్పు చెప్పుటకు అంపైర్లును ఉందురు. ఫుట్‌బాలులో రెఫరీ అంగీకరింపనిదే గోలు గోలు కాదు. కాని గోల్ఫ్ ఆటలో, కోట్ల డాలర్ల బహుమతులు గల పోటీలలో సైతము, ఒక ఆటగాని స్కోరును అతనితో పోటీపడుచున్న మరియొక ఆటగాడే కాగితముపై వ్రాయుచున్నాడు. ప్రేక్షకుల కన్నులు, టెలివిజన్ కెమేరాలు, లేజరు యంత్రములు అన్నియు ప్రతి దెబ్బను గమనించుచుండగా ఈ పాత పద్ధతి ఇంకను అవసరమా? ఈ ప్రశ్న పైకి క్రీడలకు సంబంధించినదిగా తోచును గాని, నిజమునకు ఇది కొలతలకును, కొలతలలో దొరలు దోషములకును సంబంధించిన ప్రశ్న. కావుననే విజ్ఞానశాస్త్ర దృష్టితో దీనిని పరిశీలింపదగును.

ఆట స్వరూపము

గోల్ఫ్ స్కాట్లండు దేశమున పెరిగిన ఆట. 1744వ సంవత్సరమున ఎడింబరో సమీపమందలి లీత్ అను చోట ఆడిన పెద్దమనుష్యులు 13 నియమములను వ్రాసికొనిరి. ఇప్పుడు లభించుచున్న గోల్ఫ్ నియమావళులలో అదియే మొదటిది. మనదేశమున కలకత్తా నగరములో 1829లోనే గోల్ఫ్ క్లబ్బు వెలసినది. నేడు ప్రపంచమంతటికిని వర్తించు నియమములను బ్రిటన్‌లోని ఆర్. అండ్ ఎ. సంస్థయు, అమెరికా గోల్ఫ్ సంఘమును కలిసి నిర్ణయించుచున్నవి.

ఆటలో వాడు బంతి వ్యాసము 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. దానిని కర్రతో కొట్టుచు, 108 మిల్లీమీటర్ల వ్యాసముగల గుంటలో పడవేయవలెను. మైదానమున ఇట్టి గుంటలు 18 ఉండును. ఈ 18 గుంటలను ముగించుట ఒక రౌండు. పెద్ద పోటీలలో సాధారణముగా నాలుగు దినములు నాలుగు రౌండ్లు, అనగా 72 గుంటలు ఆడుదురు. మొత్తముమీద ఎవరు తక్కువ దెబ్బలతో ముగింతురో వారే విజేతలు.

ఈ ఆటలో ప్రతి ఆటగానికి ఒక తీర్పరిని నియమించుట సులభము కాదు. ఫుట్‌బాలు మైదానమున బంతి ఒక్కటే. దానివెంట ఒక రెఫరీ పరుగెత్తగలడు. గోల్ఫ్‌లో 156 మంది పాల్గొను పోటీయందు ముగ్గురు చొప్పున 52 జట్లు అగును. వీరు ఆరు కిలోమీటర్లకు పైగా సాగిన మార్గమున, చెట్ల మధ్య, ఇసుక గోతులలో, పొడవైన గడ్డిలో చెదరిపోయి యుందురు. ఒక్కొక్కరికి ఒక్కొక్క బంతి. అందువలన ఆటగానికి సమీపముననుండు వ్యక్తి, అనగా తోటి ఆటగాడే, లెక్కకు సాక్షిగా ఉండుట మొదటినుండియు సహజమైనది.

కార్డు వ్రాయు విధానము

రౌండు ప్రారంభమునకు ముందు పోటీ సంఘమువారు ప్రతి ఆటగానికి అతని పేరుగల కార్డునిత్తురు. ఆటగాండ్రు ఆ కార్డులను తమలో తాము మార్చుకొందురు. ఎవని చేతిలో ఎవరి కార్డు ఉన్నదో, అతడు వారికి మార్కర్, అనగా లెక్క వ్రాయువాడు. ప్రతి గుంట ముగిసిన పిమ్మట మార్కర్ రెండవవాని దెబ్బలను వ్రాయును. తన స్వంత దెబ్బలను కూడ ప్రక్కన గుర్తించుకొనును. రౌండు తరువాత ఇద్దరును లెక్కలను పోల్చి చూచుకొని, కార్డుపై సంతకములు చేసి సంఘమువారికి ఒప్పగింతురు. ఇప్పుడు కొన్ని పోటీలలో కాగితమునకు బదులు ఎలెక్ట్రానిక్ కార్డును కూడ అనుమతించుచున్నారు.

ఇచట బాధ్యతల విభజన గమనింపదగినది. ఒక్కొక్క గుంటకు వ్రాసిన అంకె సరిగా నుండుట ఆటగాని బాధ్యత. ఆ అంకెలను కూడి మొత్తము తేల్చుట సంఘమువారి బాధ్యత. కార్డును ఒప్పగించిన పిమ్మట ఏదైన ఒక గుంటకు నిజముకంటె తక్కువ అంకె ఉన్నట్లు తేలినచో ఆటగానిని పోటీనుండి తొలగింతురు. నిజముకంటె ఎక్కువ అంకె ఉన్నచో ఆ ఎక్కువ అంకెయే స్థిరపడును. తనకు తెలియని పెనాల్టీ దెబ్బను చేర్చకపోయిన వానికి మాత్రము, ఇటీవలి నియమముల ప్రకారము, తొలగింపు లేదు. ఆ పెనాల్టీని మాత్రము చేర్తురు.

రెండు లెక్కల బలము

ఒక లెక్కకంటె రెండు లెక్కలు ఏల మేలు? కుంచములతో ధాన్యము కొలిచిన దినములలో కళ్ళమున కొలుచువాడు 'లాభము' అని మొదలుపెట్టి బిగ్గరగా లెక్కించుచుండెను. అమ్మువాడును కొనువాడును ఆ కేకను వినుచు ఎవరి లెక్క వారు ఉంచుకొనెడివారు. చివర రెండు లెక్కలు కలిసినచో తగవు లేదు. ఈ ఏర్పాటు వెనుకనున్న గణితమును గోల్ఫ్ కార్డుకు అన్వయించి చూడవచ్చును.

ఒక మనిషి నూరు గుంటలకు ఒకచోట పొరపాటున తప్పు అంకె వ్రాయునని అనుకొందము. ఇది కేవలము లెక్క కొరకు ఊహించిన సంఖ్య. ఒక గుంటవద్ద తప్పు లేకుండ వ్రాయు సంభావ్యత 0.99. పదునెనిమిది గుంటలలోను తప్పు లేకుండు సంభావ్యత 0.99ని 18 సార్లు హెచ్చించగా వచ్చిన 0.83. అనగా ప్రతి ఆరు కార్డులలో సుమారు ఒకదానియందు ఏదో ఒక తప్పు ఉండును. మొదటి రెండు దినములు 156 మంది, తరువాతి రెండు దినములు 70 మంది ఆడిన పోటీలో మొత్తము కార్డులు 452. వానిలో 75 కార్డులు తప్పులతో ఉండును. ఇట్టి లెక్కను ఎవరును నమ్మజాలరు.

ఇప్పుడు ఇద్దరు వేరువేరుగా వ్రాసిరనుకొందము. ఒకే గుంటవద్ద ఇద్దరును తప్పు చేయు సంభావ్యత నూటికి ఒకటిలో నూటికి ఒకటి, అనగా పదివేలకు ఒకటి. ఒక కార్డునకు ఇది పదివేలకు 18. మొత్తము 452 కార్డులలో అట్టి తప్పు సగటున ఒకటికంటె తక్కువ. అంతేకాదు, ఇద్దరు తప్పినను ఒకే తప్పు అంకెను వ్రాసిననే అది బయటపడకుండ పోవును. ఒకరు 4 అని, మరియొకరు 6 అని వ్రాసినచో భేదము కనబడి, వెంటనే విచారణ జరుగును. కాగితము, పెన్సిలు మాత్రమే ఉన్న కాలమున ఇంతటి ఖచ్చితత్వమును ఇంత చౌకగా సాధించిన పద్ధతిని తేలికగా తీసివేయరాదు.

ఇందులో మరియొక గుణము కూడ కలదు. మార్కర్ స్వయముగా పోటీదారుడు. రెండవవాని దెబ్బ ఒకటి తగ్గించి వ్రాసినచో తనకే నష్టము, కావున తగ్గింపడు. ఒకటి హెచ్చించి వ్రాసినచో రెండవవాడు సంతకము చేయడు. త్రాసులో రెండు పళ్ళెములవలె ఇద్దరి స్వార్థములు ఎదురెదురుగా నిలిచి ముల్లును మధ్యలో నిలుపును. తెలిసి తెలిసి తప్పు స్కోరునకు సంతకము చేసిన మార్కర్‌ను కూడ పోటీనుండి తొలగించుటకు నియమములలో వీలు కలదు.

స్వతంత్రత లోపించినచో

కాని పై లెక్క అంతయు ఒక షరతుపై ఆధారపడి యున్నది. రెండు లెక్కలును స్వతంత్రములై యుండవలెను. ఒకడు వ్రాసినదానిని రెండవవాడు చూడకయే సంతకము చేసినచో అవి రెండు లెక్కలు కావు. ఒకే లెక్కకు రెండు సంతకములు. అప్పుడు తప్పు సంభావ్యత పదివేలకు ఒకటి కాదు, తిరిగి నూటికి ఒకటియే అగును.

1957లో అమెరికాలోని వింగ్డ్ ఫుట్ క్లబ్బులో జరిగిన స్త్రీల జాతీయ ఓపెన్ పోటీ దీనికి నిదర్శనము. హవాయి దీవులకు చెందిన జాకీ పంగ్ చివరి రౌండును 72 దెబ్బలతో ముగించి, మొత్తము 298తో అందరికంటె ముందు నిలిచినది. నాలుగవ గుంటవద్ద ఆమె 6 దెబ్బలు కొట్టగా, ఆమెకు మార్కర్‌గా ఉన్న బెట్టీ జేమ్సన్ 5 అని వ్రాసినది. అదే గుంటవద్ద జేమ్సన్ కూడ 6 కొట్టగా, పంగ్ కూడ 5 అనియే వ్రాసినది! ఇద్దరును గమనింపక సంతకములు చేసిరి, ఇద్దరును తొలగింపబడిరి. 299 దెబ్బలు కొట్టిన బెట్సీ రాల్స్‌కు విజయము లభించినది. జాలిపడిన క్లబ్బు సభ్యులు తమలో తాము చందాలు వేసికొని పంగ్‌కు మూడువేల డాలర్లకు పైగా ఇచ్చిరి.

ఇద్దరును ఒకే గుంటవద్ద ఒకే తప్పు చేయుట కేవలము యాదృచ్ఛికమని చెప్పుట కష్టము. ఒకే ఆటలో మునిగి, ఒకే ఆందోళనకు లోనైన ఇద్దరి దోషములు ఒకదానితో ఒకటి ముడిపడి యుండును. ప్రయోగశాలలో ఒకే వంకరగల స్కేలుతో ఇద్దరు విద్యార్థులు కొలిచినచో ఇద్దరికిని ఒకే తప్పు వచ్చును. సగటు తీసినను తప్పు పోదు. ఇదియు అట్టిదే.

పంగ్ కార్డులో గమనింపదగిన విశేషము మరియొకటి ఉన్నది. కార్డుపై వ్రాసిన మొత్తము 72, అది నిజమే. గుంటలవారీ అంకెలను కూడినచో మాత్రము 71 వచ్చును. అనగా తప్పు ఉన్నదని ఆ కార్డే చెప్పుచున్నది. బ్యాంకు గుమాస్తాలు చిట్టాను అడ్డముగను నిలువుగను కూడి సరిచూతురు; నేటి కంప్యూటర్లు కూడ పంపిన సమాచారమున దోషమును పట్టుటకు ఇట్టి మొత్తమునే వాడుచున్నవి. కాని గోల్ఫ్ నియమము గుంటలవారీ అంకెనే ప్రమాణముగా తీసికొనెను. మొత్తము సరియైనదైనను ఆమెను రక్షింపలేదు.

ఒక్క అంకె వెల

1968 ఏప్రిల్ 14వ తేదీన అగస్టా నగరమున మాస్టర్స్ పోటీ చివరి రౌండు జరిగినది. ఆనాడు అర్జెంటీనా ఆటగాడు రొబెర్టో డి విచెంజో 45వ పుట్టినదినము. పదునేడవ గుంటను అతడు 3 దెబ్బలలో ముగించెను. మైదానమున వేలకొలది జనులు, టెలివిజన్‌లో ఇంకను అనేకులు దానిని చూచిరి. అతని మార్కర్ టామీ ఏరన్ మాత్రము కార్డుపై 4 అని వ్రాసెను. డి విచెంజో సరిచూడక సంతకము చేసెను. నిజముగా ఆడిన 65కు బదులు 66 స్థిరపడినది. అతని మొత్తము 278. బాబ్ గోల్బీ మొత్తము 277. తప్పు లేనిచో ఇద్దరును సమానులై, మరునాడు 18 గుంటల నిర్ణాయక రౌండు ఆడియుందురు. ఆ రౌండు జరుగలేదు, గోల్బీ విజేతయైనాడు. ఇందులో గోల్బీ దోషమేమియు లేకున్నను అతని విజయమునుగూర్చి మాటాడువారందరు ఈ కార్డునే జ్ఞప్తికి తెచ్చుచుండిరి. ఏరన్ తరువాత 1973లో ఇదే పోటీని గెలిచెను.

ఇచట శాస్త్రజ్ఞునకు ఒక మౌలికమైన ప్రశ్న ఎదురగును. స్కోరు అనగా నేమి? జరిగిన సంఘటనయా, లేక దానినిగూర్చి వ్రాసిన వ్రాతయా? ఉష్ణమాపకము 40 డిగ్రీలు చూపుచుండగా విద్యార్థి నోటుపుస్తకమున 50 అని వ్రాసినంతమాత్రమున నీరు వేడెక్కదు. ఎవరును చూడని కాలమున వ్రాత ఒక్కటే సంఘటనకు సాక్ష్యము. కావున వ్రాతకే ప్రాధాన్యమిచ్చుట న్యాయమైనది. సంఘటనకు వేరే సాక్ష్యములు పుష్కలముగా ఉన్నచోట వ్రాతనే పట్టుకొని వ్రేలాడుట వేరు సంగతి.

2003లో ఇంగ్లండునందలి రాయల్ సెయింట్ జార్జెస్‌లో జరిగిన ఓపెన్ పోటీ ఇంకొక ఉదాహరణము. మూడవ రౌండు ప్రారంభమున మార్క్ రో, జెస్పర్ పార్నెవిక్ అను ఆటగాండ్రు కార్డులు మార్చుకొనుట మరచిరి. అందుచేత రో దెబ్బలు పార్నెవిక్ పేరుగల కార్డుపైనను, పార్నెవిక్ దెబ్బలు రో పేరుగల కార్డుపైనను పడినవి. అంకెలలో తప్పు లేదు. పేర్లు మాత్రమే తారుమారైనవి. ఐనను ఇద్దరును తొలగింపబడిరి. ఆనాడు రో 67 దెబ్బలతో చక్కగా ఆడియుండెను.

యంత్రములు వచ్చిన పిమ్మట

నేడు అమెరికాలోని వృత్తి క్రీడాకారుల పోటీలలో ప్రతి జట్టు వెంట స్కోరు గుర్తించు కార్యకర్త నడచుచుండును. షాట్‌లింక్ అను ఏర్పాటు లేజరు కిరణములతోను, కెమేరాలతోను ప్రతి బంతి పడిన చోటును కొలిచి నమోదు చేయుచున్నది. అనగా ఇద్దరు ఆటగాండ్ర లెక్కలకు తోడు మూడవ లెక్క సిద్ధముగా ఉన్నది. ఈ మూడవ లెక్క విలువ తక్కువది కాదు. రెండు లెక్కలు భేదించినపుడు తప్పు ఉన్నదని మాత్రమే తెలియును. ఏది తప్పో తెలియదు. మూడవది ఉన్నచో ఏ రెండు ఏకీభవించినవో చూచి నిర్ణయింపవచ్చును. అందునను యంత్రమునకు ఆటగాండ్ర ఆందోళన లేదు. కావున దాని దోషములు వారి దోషములతో ముడిపడి యుండవు.

ఐనను తొలగింపులు ఆగలేదు. 2024 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని రివియేరా మైదానమున జోర్డన్ స్పీత్ రెండవ రౌండు నాలుగవ గుంటవద్ద 4 దెబ్బలు కొట్టి, 3 అని ఉన్న కార్డుపై సంతకము చేసి పోటీనుండి వైదొలగవలసి వచ్చెను. అతడు కొట్టినవి నాలుగని లోకమంతటికిని తెలియును. దాచుటకు వీలులేని సంగతిని దాచినవానికి విధించు శిక్షయే అతనికిని పడినది.

యంత్రములే చాలునా మరి? చాలవు. 1925 అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ పొడవైన గడ్డిలోని బంతిని కొట్టబోవుచుండగా అది కొంచెము కదలెను. ఎవరును చూడలేదు. జోన్స్ స్వయముగా తెలిపి ఒక పెనాల్టీ దెబ్బను చేర్పించుకొనెను. చివర అతడును విల్లీ మెక్‌ఫార్లేన్‌ను 291 దెబ్బలతో సమానులైరి. నిర్ణాయక ఆటలో జోన్స్ ఒక్క దెబ్బతో ఓడెను. ఆ పెనాల్టీని చెప్పకున్నచో నిర్ణాయక ఆటయే అవసరమయ్యెడిది కాదు. బంతి ఎచట పడినదో లేజరు చెప్పగలదు. గడ్డిలో అది గింజంత కదలెనా, కర్ర ఇసుకను ముందే తాకెనా అను సంగతులు ఆటగానికి, అతని ప్రక్కన నిలిచినవానికి మాత్రమే తెలియును.

దూరమునుండి చూచువారి సాక్ష్యమును ఎంతవరకు అంగీకరింపవలెనో కూడ ఆలోచింపవలసినదే. 2017లో కాలిఫోర్నియాలో జరిగిన స్త్రీల పెద్దపోటీయందు లెక్సీ థాంప్సన్ మూడవ రౌండులో బంతిని సరియైన చోట తిరిగి ఉంచలేదని టెలివిజన్‌లో చూచినవారొకరు మరునాడు తెలిపిరి. ఆమె చివరి రౌండు ఆడుచుండగా నాలుగు దెబ్బల పెనాల్టీ వేసిరి. తప్పుగా ఉంచినందుకు రెండు. ఆ తప్పు చేరని కార్డుపై సంతకము చేసినందుకు మరి రెండు. నిర్ణాయక ఆటలో ఆమె ఓడిపోయినది. 2018 జనవరి 1 నుండి ప్రేక్షకుల ఫిర్యాదులను స్వీకరించుట మానివేసిరి. తెలియక విడిచిన పెనాల్టీకి అదనపు రెండు దెబ్బలను కూడ తీసివేసిరి.

ఏది ఉండవలెను, ఏది మారవలెను?

పై విషయములను కూర్చి చూడగా స్కోరు కార్డు రెండు వేరువేరు పనులు చేయుచున్నదని తేలును. దెబ్బల సంఖ్యను నమోదు చేయుట ఒకటి. సమీపమునుండి మాత్రమే కనబడు సంగతులకు ఇద్దరు మనుష్యులు సాక్ష్యమిచ్చుట రెండవది. వృత్తి క్రీడాకారుల పోటీలలో మొదటి పనిని యంత్రము, కార్యకర్త కలిసి మనుష్యులకంటె మెరుగుగా చేయగలరు. రెండవ పనిని యంత్రము చేయజాలదు.

కావున తోటి ఆటగాడు మార్కర్‌గా ఉండుట మేలే. అతడు తొలగినచో సమీప సాక్షి తొలగును. పైగా ఊరి క్లబ్బులో ఆడువానికిని, ప్రపంచ విజేతకును ఒకే నియమము ఉండుట ఈ ఆటకు గల గొప్ప లక్షణము. ప్రతి మైదానమునకును లేజరు యంత్రములు రావు. అచట పెన్సిలు, కాగితము, తోటివాని నిజాయితీయే ఆధారములు.

మారవలసినది శిక్ష. తక్కువ అంకెకు తొలగింపు, ఎక్కువ అంకెకు స్థిరత్వము అను నియమము వెనుక ఒక తర్కము లేకపోలేదు: తప్పువలన ఎవనికిని లాభము కలుగరాదు. సాక్ష్యము లేనిచోట మోసగానిని, మరపుగలవానిని వేరుపరచుట అసాధ్యము. కావున ఇద్దరికిని ఒకే శిక్ష విధించిరి. ఇప్పుడు మూడవ లెక్క ఉన్నచోట ఇద్దరిని వేరుపరుపవచ్చును. కార్డు అంకెయు యంత్రపు అంకెయు భేదించినచో ఆటగాండ్రను పిలిచి, నిర్ణీత వ్యవధిలో సరిదిద్దించి, అజాగ్రత్తకు ఒకటి రెండు దెబ్బల పెనాల్టీ వేయుట న్యాయము. తెలిసి దాచినవానికి మాత్రము తొలగింపే తగును. నియమకర్తలు ఈ దిశగా ఇదివరకే ఒక అడుగు వేసిరి. 2023 నుండి, సంతకము లేని కార్డునకు తొలగింపునకు బదులు రెండు దెబ్బల పెనాల్టీ విధించుటకు పోటీ సంఘములకు వెసులుబాటు కల్పించిరి. అంకెలో దొరలిన పొరపాటునకు కూడ అట్టి వెసులుబాటు లభించినచో స్పీత్ వంటివారికి జరిగినది మరల జరుగదు.

కొలతలు తీసికొను ప్రతివారికిని ఇందులో ఒక పాఠము కలదు. ప్రయోగశాలలో బ్యూరెట్టు అంకెను చదువుచోటనైనను, ఓట్ల లెక్కింపులోనైనను, సంతలో తూకమువద్దనైనను ఇద్దరు లెక్కించుట మంచిది. కాని ఇద్దరును వేరువేరుగా లెక్కింపవలెను. లెక్కలు భేదించినపుడు సరిదిద్దుకొనుటకు సమయముండవలెను. సంతకము చేయుటకు ముందు మరియొకమారు చూచు అలవాటు ఉండవలెను. ఈ మూడును ఉన్నచో పెన్సిలుతో వ్రాసిన లెక్కయు నమ్మదగినదే. ఇవి లేనిచో ఎంత విలువైన యంత్రము వ్రాసిన లెక్కనైనను నమ్మరాదు.